ఊ కొట్టే ఫోను

కృపాకుమారికి ఈ లోకంలో అన్నింటికన్నా పెద్ద భయం ఒక్కటే. తను పక్కన లేని ఆ కాసేపట్లో పాప రూతు ఏదో ఒకటి మింగేస్తుందని.

ఊరికే పుట్టిన భయం కాదది. మొగుడు జోయల్‌కు చిలమత్తూరు బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పి దులిపితే, అందరి చొక్కాల్లోంచి దుమ్ము రాలినట్టు అతని చొక్కాలోంచి స్క్రూలు రాలేవి. ఆవగింజంత స్క్రూలు. రూతుకు ఇంకా నడక కుదరలేదు గానీ, నేలమీద ఉన్నదాన్ని ఏరుకుని నోట్లో వేసుకోవడంలో మాత్రం కోడిపిల్ల కూడా దాని ముందు చాలదు.

అందుకని కృప పొద్దస్తమానం అంగడికి ఫోన్ చేస్తుండేది. పాప తుమ్మింది అని ఒకసారి. మళ్లీ తుమ్మలేదే, ఎందుకో అని ఇంకోసారి. నిద్రపోయింది. ఇంతసేపు నిద్రపోతోందేమిటి. లేచింది. ఎందుకు లేచిందో.

జోయల్ చెడ్డవాడు కాదు, మాటల మనిషి. కంప్యూటర్ కోర్సు సగం చదివి మానేశాడు. ఆ సగం చదువు పుణ్యమా అని లోకంలో ప్రతిదీ అతనికి సాఫ్ట్‌వేరుగానే కనబడేది. పక్కన టీ అంగడి దేవేంద్ర గ్లాసు చేతికిస్తే చాలు, మొదలుపెట్టేవాడు.

“ప్రేమంటే ట్రయల్ వెర్షన్ దేవేంద్రా. కొన్నాళ్లు ఊరికే వాడుకోవచ్చు. రీచార్జి చేయించుకునేకి వచ్చి తలొంచుకుని నవ్వి పోతాండె మా కృప. ఏం స్పీడు, ఏం డిస్‌ప్లే! బాగుండాది కదా అని ఫుల్ వెర్షన్ ఏసుకుంటి. అంతే! దాంతోపాటు అడక్కుండానే అత్త, మామ, బామ్మర్ది అందురూ ఇన్‌స్టాల్ అయిపోయినారు. తీసేద్దామంటే బటనే లేదప్పా!”

“ముందే సూసుకోవల్ల కదన్నా?”

“షరతులని కింద సన్నక్షరాలతో ఉంటాయి. యాడన్నా ఒక్కడు సదివినాడా? అందురూ ‘సరే’ అని నొక్కేదే. నొక్కినాక నొక్కినట్టే. ఇంగ యా కోర్టుకు పోయినా నీ మాట నిలబడదు.”

ఇదే ఉపన్యాసం ఇంట్లో సంగటి ముద్ద ముందు కూడా నడిచేది. కృప వింటూ ఊరుబిండి పచ్చడి వడ్డించేది. ఆమె వింటోందని అతను ఎప్పుడూ అనుకోలేదు.

“ఏమయ్యా, ఓపెన్ స్కూల్లో పది కడతానంటి కదా, ఏమంటావు?”

“లోడింగ్ అయితాండాది మే. రవ్వంత ఆగు.”

పెళ్లయిన దగ్గర్నుంచీ లోడింగే.

కృప తొమ్మిదో తరగతిలో ఉండగా పొలంలో బోరు ఎండిపోయింది. వాళ్ల నాయన చెనక్కాయ చేను వదిలేసి, ఇంటిల్లిపాదినీ బెంగళూరు కట్టడాల పనికి తీసుకుపోయాడు. బడి సంచీని గోడ మేకుకు తగిలించి వెళ్లారు. తిరిగొచ్చేసరికి సంచీ అక్కడే ఉంది గానీ, కృప బడి వయసు దాటిపోయింది. ఇప్పుడు పాప మందు సీసా మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేసరికి ఆమెకు చెమటలు పట్టేవి. మందు ఒక చెంచా పోయాలో అర చెంచా పోయాలో మొగుడొచ్చి చెప్పేదాకా పాప దగ్గుతూ ఉండాలా? అది ఆమెకు నచ్చలేదు. పది పాస్ కావాల్సిందే అనుకుంది.

పక్కింటి అంగన్‌వాడీ టీచరు త్రివేణి దారి కూడా చూపించింది. శనివారాలు హిందూపురంలో క్లాసులు, చేరడానికి గడువు ఈ వారంతో సరి. ఉన్న చిక్కల్లా ఒక్కటే. శనివారం పాపను ఎవరు చూస్తారు? అత్త పేరు పెద్దక్క. ఆమె గొంతు ఊరవతలికి వినిపిస్తుంది గానీ కళ్లు సరిగా ఆనవు. ఆవగింజకూ స్క్రూకూ తేడా తెలియదు. మిగిలింది మొగుడు. ఆయనేమో లోడింగు.

ఆ లోడింగులో ఉన్న మనిషి అంగట్లో ఇంకో పని చేశాడు. పాత ఫోనొకదాన్ని బాగుచేసి, కృప నంబరు నుంచి కాల్ వస్తే అది తనంతట తానే ఎత్తేలా మలిచాడు. అవతల మాట ఆగగానే, ముందే తన గొంతుతో రికార్డు చేసిపెట్టిన ముక్క ఒకటి వినిపిస్తుంది. మొదట “ఊ”. తర్వాత “అట్లనా”. ఆ తర్వాత “మంచిదే”. చివరికి “సరేలే, నువ్వెట్లంటే అట్ల”. దాంతో కాల్ ఆగిపోతుంది.

దేవేంద్ర గొంతు తగ్గించాడు. “అన్నా, వదినకు తెలిసిపోతే?”

“ఎట్ల తెలుస్తాదప్పా? మొగుడు ఇంతకన్నా ఎక్కువ మాట్లాడితేనే అనుమానం వస్తాది.”

తర్వాత ఈ సంగతంతా కృపకు చెప్పినవాడు దేవేంద్రే. అప్పటికి మాత్రం ఆమెకేమీ తెలియదు. పైగా మురిసిపోయింది.

“మా ఆయనలో శానా మార్పొచ్చిందక్కా” అంది త్రివేణితో. “ముందు సగంలోనే ఫోన్ పెట్టేస్తాండె. ఇప్పుడు చెప్పేదంతా ఇని, నువ్వెట్లంటే అట్ల అంటాండాడు.”

గురువారం మధ్యాహ్నం పాప ముందు నేలమీద స్క్రూ ఒకటి తళుక్కుమంది. కృప చీపురు కోసం అటు తిరిగి ఇటు చూసేసరికి స్క్రూ లేదు. రూతు నోరు మాత్రం ఆడుతోంది. నోట్లో వేలు పెడదామంటే పళ్లు బిగించింది. కృప ఒక చేత్తో పాపను పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ నొక్కింది.

“ఏమయ్యా, పాప స్క్రూ మింగినట్టుండాది!”

“ఊ.”

“ఊ ఏందయ్యా! స్క్రూ! నీ అంగడి స్క్రూ!”

“అట్లనా.”

“నాకు కాళ్లు చేతులు ఆడల్యా. ఏం చేయల్లయ్యా?”

“మంచిదే.”

“మంచిదా!”

“సరేలే, నువ్వెట్లంటే అట్ల.”

ఈలోగా పెద్దక్క మనవరాలిని బోర్లా వేసుకుని వీపు మీద చరిచింది. నోట్లోంచి సగం నమిలిన చెనక్కాయ పప్పు పడింది. స్క్రూ? అది పాప అరికాలికి, పొద్దున తొక్కిన సంగటి జిగురుతో, భద్రంగా అంటుకుని ఉంది.

కృప పాపను గుండెకు హత్తుకుని కరువుతీరా ఏడ్చింది. ఏడుపు అయ్యాక ముక్కు తుడుచుకుని, కాసేపు ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత స్పీకరు పెట్టి మళ్లీ నొక్కింది.

“ఏమయ్యా, మీ అమ్మ జారి పడింది.”

“ఊ.”

“కాలు ఇరిగినట్టుండాది.”

“అట్లనా.”

“లేసేకి కాకుండా ఉండాది.”

“మంచిదే.”

“ఆసుపత్రి ఎందుకులే, ఆడనే పండనియ్యనా?”

“సరేలే, నువ్వెట్లంటే అట్ల.”

పెద్దక్క రెండు కాళ్ల మీదా లేచి నిలబడింది. “వాడు నా కడుపున పుట్టినోడేనా మే!”

“నీ కొడుకు కాదత్తా. ఫోను.”

కృప విడమరిచి చెప్పింది. పెద్దక్క చీపురుకట్ట అందుకుంది. “రానీ వాన్ని. ఈపు పగలగొడతా.”

“వద్దత్తా. ఈపు రెండు దినాల్లో మానిపోతాది. నాకు పది కావల్ల.”

నాలుగే నాలుగు ముక్కలు, వరస తప్పకుండా వస్తున్నాయి. బెంగళూరులో ఇటుకలు అందించిన చేతులు ఆమెవి. ఏ ఇటుక పక్కన ఏది పెట్టాలో బాగా తెలుసు. మనసులో మాటలు ఒక్కొక్కటీ పేర్చుకుని, త్రివేణిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. త్రివేణికి లోగుట్టు చెప్పలేదు.

“ఏమయ్యా, అత్త, త్రివేణక్క ఇద్దురూ ఈడనే ఇంటాండారు. తీరిగ్గా ఉండావా?”

“ఊ.”

“నేను పది కడతాండా. ఎల్లుండి శనివారమే క్లాసు.”

“అట్లనా.”

“శనివారం శనివారం పాపను నువ్వే అంగట్లో పెట్టుకుని సూసుకుంటావని అందురికీ చెప్పినా.”

“మంచిదే.”

“స్క్రూలన్నీ మూత డబ్బాలో ఏసి పైన పెట్టల్ల. పాపకు వేళకు అన్నం తినిపించల్ల. నేను పాసయ్యేదాకా ఈ మాట తప్పగూడదు.”

“సరేలే, నువ్వెట్లంటే అట్ల.”

త్రివేణి కొంగుతో కళ్లొత్తుకుంది. “మా ఆయన పుట్టి బుద్ధెరిగి ఇట్ల ఒక్క దినం మాట్లాడినోడు కాదు మే. పెట్టి పుట్టినావు.” కళ్లు ఆరకముందే కృప చేత ఓపెన్ స్కూలుకు దరఖాస్తు పెట్టించింది. వీధిలో ప్రతి గడపకూ వెళ్లి సంగతి చెప్పి వచ్చింది.

సాయంత్రం జోయల్ బండి వీధి మలుపు తిరగగానే ఆటో ఎర్రిస్వామి చెయ్యెత్తి ఆపాడు. “ఏమప్పా జోయలూ, పెండ్లాన్ని సదివిస్తాండావంట! మొగోడంటే నువ్వప్పా!” ఇంకో గడపలో ముసలమ్మ ఒకామె అతని తల మీద చెయ్యి పెట్టి దీవించింది. దేనికో తెలియకపోయినా జోయల్ దీవెన తీసుకున్నాడు. మర్యాద కదా.

ఇంట్లో అడుగుపెట్టాక తెలిసింది.

“నేనెప్పుడంటి?”

“మధ్యాన్నం. ఫోన్లో. త్రివేణక్క సాక్షి.”

“అది నేను కా...” అని ఆగిపోయాడు. నేను కాదు అంటే, మరి అది ఎవరో చెప్పాలి.

గోడకానుకుని కాలు బారజాపుకుని కూర్చున్న పెద్దక్క తీరిగ్గా అంది. “నా కాలు ఇరిగిందంటే కూడా మంచిదే అంటివి కదా నాయనా. సల్లగుండు.”

జోయల్ అమ్మ కాలు చూశాడు. కృపను చూశాడు. కృప అరచేతిలో సంగటి అంటిన స్క్రూ చూశాడు. ఆ స్క్రూ ఎక్కడ దొరికిందో, అప్పుడు తన గొంతు ఏమందో ఆమె నెమ్మదిగా చెప్పింది. జోయల్ పాపను ఎత్తుకుని, నోరు తెరిపించి, లాంతరు వెలుగులో చూసినట్టు ఫోన్ లైటు వేసి లోపలంతా చూశాడు.

“ఏం కాలేదులే” అంది కృప. “శనివారం గురించి చెప్పు.”

“ఆ షరతులు... నేను సరిగా ఇనల్యా మే.”

“సన్నక్షరాలు ఎవురు సదువుతారయ్యా? అందురూ సరే అని నొక్కేదే. నొక్కినాక నొక్కినట్టే అని నువ్వే అంటివి.”

“అట్ల కాదు, రవ్వంత లోడింగ్...”

“లోడింగ్ అయిపోయింది. ఇన్‌స్టాల్ కూడా అయిపోయింది. తీసే బటన్ లేదు.”

చివరికి జోయల్ నోట్లోంచి వచ్చింది “ఊ” ఒక్కటే. ఈసారి సొంత గొంతుతోనే.

శనివారం పొద్దున కృప పాపను అంగట్లో దించింది. స్క్రూల డబ్బా మూత రెండుసార్లు లాగి చూసింది. నేల తనే ఊడ్చింది. ఊడ్చిన నేలను మోకాళ్ల మీద వంగి మళ్లీ చూసింది. ఓ కన్నేసి ఉంచమని దేవేంద్రకు కూడా చెప్పి, బస్సెక్కింది.

హిందూపురంలో బెంచీ మీద కూర్చున్నాక ఉండబట్టలేదు. ఫోన్ చేసింది.

“పాప అన్నం తినిందా?”

“ఊ.”

అది మొగుడి ఊనా, మిషను ఊనా? కృప ఇంకో మాట అడిగేలోపే సారు లోపలికొచ్చి బోర్డు మీద లెక్క రాయడం మొదలుపెట్టాడు. లేచి వెళ్లి చిలమత్తూరు బస్సెక్కాలని మనసు లాగింది. కానీ ఆమె లేవలేదు. ఫోన్ సంచీలో వేసి, సంచీ మీద కూర్చుని, లెక్క రాసుకుంది.

అందుకని, మీలో ఎవరైనా శనివారం పూట చిలమత్తూరు బస్టాండు వైపు వెళ్తుంటే, టీ అంగడి పక్కనున్న ఫోన్ల అంగట్లోకి దయచేసి ఒకసారి తొంగి చూడండి. ఫోన్ చేసి కనుక్కోవద్దు, అది అన్నింటికీ మంచిదే అంటుంది. లోపలికెళ్లి రూతు నోరు తెరిపించి చూడండి. అరికాళ్లు కూడా చూడండి. పాప బాగుందని కృపకు ఒక్క మాట చెప్పండి.

కానీ క్లాసు అయ్యాకే చెప్పండి.