కుందేలు బొరియా, కంప్యూటరు పురుగూ

రండర్రా, దగ్గరగా జరగండి. ఆ గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా వచ్చి చాప మీద కూర్చోండి. గిల్లుకోవడాలు కథయ్యాక.

ఒక పెద్ద అడవిలో సింహంగారి కచేరీ ఉండేది. అందులో ఒక కంప్యూటరు. ఏ బొరియ ఎవరిదో, కార్యదర్శి ఎవరో, ఆఖరికి రాజు ఎవరో కూడా అదే చెప్పాలి. నువ్వు నువ్వేనని నీ కన్నతల్లి చెప్పినా అక్కడ చెల్లదు.

ఒక ఉదయం తాయారమ్మ అనే కుందేలుకు నోటీసు వచ్చింది. 'నీ బొరియ నక్క జంబయ్యది. శుక్రవారానికల్లా ఖాళీ చెయ్యి.'

లోపల నలుగురు పసికూనలు, ఇంకా కళ్ళయినా తెరవలేదు. తాయారమ్మ పరుగున కచేరీకి వెళ్ళింది. కార్యదర్శి కుర్చీలో ఉన్నది సాక్షాత్తూ ఆ జంబయ్యే.

"అయ్యా, మా తాత తవ్విన బొరియ మీదెలా అయింది?"

"నన్నడిగితే ఏం చెప్పను తాయారమ్మా! కంప్యూటరుకు వైరస్ అనే పురుగు పట్టింది. రోజుకో బొరియ నా పేరున రాసేస్తోంది. సిగ్గుతో తలెత్తుకోలేకపోతున్నాననుకో!"

"అడవిలో ఇన్ని పేర్లుండగా దానికి మీ పేరే రుచించిందా?"

జంబయ్యకు దగ్గు వచ్చింది.

సింహం కోతి మర్కటేశాన్ని పిలిపించింది. కంప్యూటర్లు బాగుచెయ్యడంలో అతనిది అందెవేసిన చెయ్యి. "మహారాజా, పైపైన దులిపితే ఇది పోయేది కాదు. లోపలున్న సమస్తం చెరిపేసి, దానిమీద సున్నాలు రాసి, మళ్ళీ చెరపాలి. ఆనక పాత నకలు ఎక్కించాలి. నకలుందా?"

జంబయ్య మెడలోని పెన్‌డ్రైవ్ తట్టాడు. "గుండెకు హత్తుకుని కాపాడుతున్నాను ప్రభూ."

"అందులో నా బొరియ ఎవరి పేరున ఉందో ఒక్కసారి చూపించమనండి!" అంది తాయారమ్మ.

"నోర్ముయ్! నా కార్యదర్శిని అనుమానిస్తే నన్ను అనుమానించినట్టే," అని సింహం గర్జించింది. "తుడిచెయ్యండి!"

అసలు సంగతేమిటంటే, పురుగును తెచ్చి వదిలింది జంబయ్యే. ఆ నకలులో అడవిలోని బొరియలన్నీ అతనివే. పాతది తుడిచేస్తే సాక్ష్యం కూడా మాయం!

తుడుస్తుంటే పురుగు ఎగిరి తమను కుడుతుందేమోనని రాజుతో సహా అందరూ బయటికి పరుగెత్తారు. మర్కటేశం ఏడుసార్లు తుడిచాడు. "మా అత్త తోమిన గిన్నెలు కూడా ఇంత తళతళలాడవు. ఇక నకలు మీరే ఎక్కించుకోండి," అని కిటికీలోంచి కొమ్మ పట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు.

జంబయ్య మీసం దువ్వుకుంటూ గుమ్మం ఎక్కబోయాడు. కాపలా ఎలుగుబంటి బంగారయ్య అడ్డం నిలబడ్డాడు. కంప్యూటరు చూపిన పేర్లవాళ్ళనే లోపలికి పంపడం అతని పని. గుమ్మం దగ్గరి తెరమీద ఒక్క పేరూ లేదు.

"ఒరే బంగారయ్యా, నీకు పదేళ్ళుగా సెలవులిచ్చేది నేనేరా!"

"ఇచ్చే ఉంటారు బాబూ. పేరు లేదు."

"ఈ నకలు ఎక్కిస్తే పేరొస్తుందిరా!"

"ఎక్కించాలంటే లోపలికెళ్ళాలి. లోపలికెళ్ళాలంటే పేరుండాలి."

సింహం జూలు విదిల్చింది. "తప్పుకో! నేను రాజుని!"

"మీరనుకుంటే చాలదు బాబూ, కంప్యూటరు అనాలి. అర్జీ పెట్టుకోండి."

"ఎవరికి?"

"రాజుగారికి."

తాయారమ్మ భయంభయంగా ముందుకొచ్చింది. "బంగారయ్యన్నా, మరి నా నోటీసు?"

"ఇచ్చినవాడే లేడు, ఇంక నోటీసేమిటమ్మా? పో, పిల్లలకు పాలియ్యి."

శుక్రవారం వచ్చింది, వెళ్ళింది. బొరియ ముందుకు ఎవరూ రాలేదు. కచేరీ మెట్ల మీద మాత్రం రాజూ, కార్యదర్శీ అర్జీలు పట్టుకుని, వరసలో ముందెవరని కొట్టుకుంటున్నారు.

నీతి ఏమిటంటారా? సర్కారుకు మతి పోయిన రోజే పేదవాడు తన ఇంట్లో తాను నిద్రపోతాడు.

ఇక లేవండి, ఇళ్ళకు పొండి. అన్నాలు చల్లారిపోతున్నాయి.