ఎర్రదీపం దగ్గర ఆగిన ఇంజను

ఆ ఉదయం మామగారు దేవుడి ముందు కాస్త ఎక్కువసేపే నిలబడ్డారు. "నా పాత కారు నాకు దక్కించు స్వామీ. అందుకోసం నాచేత అబద్ధం మాత్రం ఆడించకు," అని వేడుకున్నారు.

పందెం ముందురోజే కుదిరింది. కొత్త ఇంజనుకి ఏడాదికోసారి ఆయిలు మారిస్తే చాలు, ఇంకే బాధా లేదని అల్లుడి వాదన. మూత ఎత్తితే లోపలిది కంటికి కనబడాలి, చేతికి అందాలి, అదే సుళువని మామగారి వాదన. అల్లుడి కొత్త కారులో ఆయన తన భార్యను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. దారిలో అది మొరాయించకపోతే, సాయంత్రం వచ్చే బేరగాడికి పాత కారు అప్పగించాలి.

కొత్త కారు వెన్నలా సాగింది. కూడలిలో ఎర్రదీపం పడగానే మామగారు బ్రేకు తొక్కారు. ఇంజను చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"చూశావా, చచ్చింది," అన్నారాయన, సంతోషం పైకి కనబడనీయకుండా.

"మీ నోటి చలవే," అంది భార్య.

ఆయన తాళం తిప్పి కారు కట్టేసి, దిగి మూత ఎత్తారు. లోపల ఇంజను కనబడలేదు. నల్లటి ప్లాస్టిక్ పళ్ళెం ఒకటి బోర్లించి ఉంది. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు కనుక దాన్ని ఊడబెరికారు. కింద ఇంకో పళ్ళెం. ఈలోగా పచ్చదీపం పడి, వెనక హారన్లు అందుకున్నాయి. కానిస్టేబులు వచ్చి, తిట్టుకుంటూనే కారును పక్కకు తోయించాడు. మామగారు భార్యను నడిపించి డాక్టరు గదిలో కూర్చోబెట్టి వచ్చేసరికి కారు లేదు. దారికి అడ్డంగా ఉందని క్రేను ఎత్తుకుపోయింది.

ఫోనులో అల్లుడు అంతా ఓపిగ్గా విన్నాడు. "మామయ్యగారూ, ఎర్రదీపం దగ్గర అది దానంతటదే ఆగుతుందండీ. పెట్రోలు ఆదా. బ్రేకు మీంచి కాలు తీస్తే మళ్ళీ అదే లేస్తుంది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"మీరు మూత ఎత్తుతారనుకోలేదు."

"అయితే నేనే ఓడాను బాబూ. సాయంత్రం ఆ బేరగాణ్ణి రమ్మను."

కొత్త కారును విడిపించుకోవడానికి అల్లుడు పాత కారే వేసుకొచ్చి మామగారిని ఎక్కించుకున్నాడు. అదే కూడలి, అదే ఎర్రదీపం. ఇంజను చప్పుడు ఆగింది. అల్లుడు అలవాటు కొద్దీ నిశ్చింతగా కూర్చున్నాడు. పచ్చదీపం పడింది. బ్రేకు మీంచి కాలు తీశాడు. వెనక హారన్లు అందుకున్నాయి.

"బాబూ," అన్నారు మామగారు ఎంతో మర్యాదగా, "ఇది నిజంగానే ఆగింది. దిగి తోయాలి."

సాయంత్రం బేరగాడు వచ్చాడు. నల్లటి మరకలు పడ్డ అల్లుడి చొక్కాను ఒకసారి, కారును ఒకసారి చూసి, ఏమీ అడక్కుండానే వెనుదిరిగాడు.

మామగారికి ఒక్క అబద్ధమైనా ఆడే అవసరం రాలేదు.