బావమరిదితో బరువు పరీక్ష

ఆ శనివారం పొద్దున ఒకటిన్నర సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, కొత్తగా తెచ్చిన మూడు పడక ఊయలల్లోంచి ఒక హ్యామక్‌ని కట్టి పరీక్షించడం, తొమ్మిదింటికి వచ్చే పెద్దాఫీసరుకు దాన్ని చూపించి కొండల నడకలో మిగిలిన ఒక్క చోటూ దక్కించుకోవడం. స్నానం ఆ తర్వాతే అనుకున్నాడు.

ఆయన ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. నలుగురెక్కే లిఫ్టయితే ఆరుగురి బరువు ఎక్కించి వేలాడదీస్తాడు. పై అధికారి వచ్చి కళ్ళారా చూసేదాకా ఆ బరువు దించడానికి వీల్లేదు. మోయవలసిన దానికి ఒకటిన్నర రెట్లు మోస్తేనే ఏ వస్తువైనా వస్తువని ఆయన సిద్ధాంతం. ఆఫీసులో పుట్టిన ఈ జబ్బు ఇంటిదాకా పాకింది. గొడుగు కొంటే ఆయన దాని కింద నిలబడేవాడు, భార్య మేడమీంచి బిందెడు నీళ్ళు కుమ్మరించాలి. ఆవిడ ఆ పనిని ఎప్పుడూ విసుక్కోలేదు, పైగా రెండో బిందె కూడా సిద్ధంగా ఉంచుకునేది. ఊరు ఊరంతా అసలు పేరు మరిచిపోయి ఒకటిన్నర సారు అంటుంటే, ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

పెద్దాఫీసరు ఏటా కొందరిని వెంటబెట్టుకుని పక్షం రోజులు కొండల మీద నడిచి వస్తాడు. వెళ్ళొచ్చినవాళ్ళు మళ్ళీ ఏడాది దాకా జలగల గురించి తప్ప మాట్లాడరు. ఒక్కో జలగ చెప్పేకొద్దీ పెరిగి, వానాకాలం వచ్చేసరికి పాము పొడుగయ్యేది. ఇన్నేళ్ళుగా ఆ కబుర్లు విన్న ఒకటిన్నర సారుకు, తనకంటూ ఒక జలగ లేకుండానే ఉద్యోగం గడిచిపోతుందేమోనని బెంగ పట్టుకుంది. ఈసారి సెలవు మంజూరైంది. బూట్లు కొన్నాడు. కానీ అక్కడ నేలంతా చిత్తడి, చెట్లకు హ్యామక్ కట్టుకునే పడుకోవాలి. మంచి హ్యామక్ లేనివాడికి జట్టులో చోటు లేదని పెద్దాఫీసరు కరాఖండిగా చెప్పాడు.

ముందురోజు దుకాణదారు ఒకటి కాదు, మూడు రకాలు చూపించాడు. వలలాంటిది, పలచటి గుడ్డది, మందపాటిది.

"ఈ పలచటిది తీసుకోండి సార్. తేలిక. ఏనుగు పడుకున్నా తెగదు."

"ఏ ఏనుగు?"

"మాటవరసకి సార్."

"పడుకున్నప్పుడు చూశావా, లేచాక చూశావా?"

దుకాణదారు మూడింటినీ మడిచి సంచిలో పెట్టాడు. "మూడూ ఇంటికి తీసుకెళ్ళండి సార్. మీ ఇష్టమొచ్చిన ఏనుగుని ఎక్కించుకోండి. నచ్చింది ఉంచుకుని మిగతావి తెచ్చివ్వండి. తొందరేం లేదు."

ఆ ఏనుగు రోజూ కాఫీకి ఇంటికొస్తూనే ఉంది. అది ఒకటిన్నర సారు బావమరిది. బేకరీ వ్యాను నడుపుతాడు. మనిషి సరిగ్గా బావకు ఒకటిన్నర రెట్లు. రాత్రంతా బేకరీలో ట్రేలు ఎత్తి, తెల్లవారగానే సరుకుతో బయల్దేరి, దారిలో అక్క చేతి కాఫీ తాగి, ఊళ్ళో హాస్టలుకూ కొట్లకూ రొట్టెలు వేయడానికి వెళ్తాడు.

"కాస్త ఇందులో పడుకోవోయ్," అన్నాడు బావ.

"నేను కాఫీకొచ్చాను బావా, తూకానికి కాదు."

"పడుకోమంటే ఏడుస్తావేంటి? లోకంలో ఇంతకంటే తేలికైన పనుందా?"

"రొట్టెలు నువ్వేస్తావా? ఇంకోసారి ఆలస్యమైతే మా ఓనరమ్మ నన్ను పొయ్యిలో పెడతానంది."

"పెద్దాఫీసరు వచ్చి చూడగానే దిగిపోదువుగాని. అదృష్టం బాగుండి ముందే తెగిందనుకో, ఇంకా తొందరగా వెళ్ళొచ్చు."

ఈ ఓదార్పు బావమరిదికి అంతగా నచ్చలేదు. కానీ రాత్రంతా నిలబడ్డ ఒళ్ళు, పడుకోవడం అన్న మాట వినగానే యజమానిని అడక్కుండా ఒప్పేసుకుంది. ముందు పలచటి దాన్నే తీశారు. ఒక కొస వరండా స్తంభానికి కట్టారు. రెండో కొసకు వాకిట్లో చెట్టు లేదు కాబట్టి, గేటు బయట నిలిపిన వ్యాను వెనక కొక్కేనికి కట్టారు. బావమరిది అందులోకి ఒరిగాడు. గుడ్డ రెండు వైపులా మూసుకుని, ఆయన చిక్కుడుకాయలో గింజలా లోపలికి వెళ్ళిపోయాడు. ఒకటిన్నర సారు గడియారం చూసుకునేలోగా గురక మొదలైంది. ఆ గురక చెబితే నమ్మరు, వరండాలో ఆరేసిన తువ్వాలు ఊపిరి తీసినప్పుడల్లా అటు వంగి, వదిలినప్పుడల్లా ఇటు వంగుతోంది. ఒకటిన్నర సారు ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఎర్ర అట్టముక్కను తాడుకు తగిలించాడు. దానిమీద 'పరీక్షలో ఉన్నది, ముట్టుకోరాదు' అని ఉంది.

పక్కింటి పెద్దావిడ గోడ మీంచి తొంగిచూసింది. "ఊయల కట్టారేంటమ్మా, ఎవరికి?"

"మా తమ్ముడికి పిన్నిగారూ," అంది భార్య.

పెద్దావిడ ఊయల కొలతను ఒకసారి చూసి, "బాగా ఎదిగాడు," అని లోపలికి వెళ్ళిపోయింది.

అంతలో ఊయలలో ఫోను మోగింది. భార్య తమ్ముడి జేబులో చెయ్యిపెట్టి తీసింది. ఓనరమ్మ. హాస్టల్లో పిల్లలు రొట్టెల కోసం పళ్ళేలు వాయిస్తున్నారట. "బయల్దేరాడండీ, దారిలోనే ఉన్నాడు," అని చెప్పి, భార్య మొగుడి వైపు తిరిగింది.

"వాణ్ణి లేపండి."

"బరువు దించకూడదు."

"అయితే తాడు విప్పండి. వ్యాను నేనే తోలుకెళ్తా."

"తాడు విప్పితే బరువు దిగినట్టే కదా."

"మరి రొట్టెలు?"

ఒకటిన్నర సారు ఆలోచించాడు. పరీక్ష జరుగుతుండగా రొట్టెలు దించకూడదని మాత్రం ఏ రూల్లోనూ లేదు. ఆ మాట ఆయన నోరు జారి పైకే అనేశాడు. భార్య వ్యాను పక్క తలుపు తీసి, మొదటి ట్రే తెచ్చి ఆయన నెత్తిన పెట్టింది.

"మా తమ్ముడి ఉద్యోగం పోతే మాత్రం, మీరు కొండలు కాదు, ఈ గడప కూడా దాటరు."

కొత్త బూట్లతో ఒకటిన్నర సారు నడక మొదలైంది. ముందు హాస్టలు. బావమరిది రోజూ గేటు దగ్గర హారను కొట్టి ట్రే పడేసి పోయేవాడు. ఈయన మూడో అంతస్తుకు మోసుకెళ్ళి, వంటగదిలో బల్ల మీద పెట్టబోయి, ఆగి, ముందు తను బల్లెక్కి గెంతి చూసి, అప్పుడు పెట్టాడు. వంటావిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత టీ కొట్లు. ఆ తర్వాత ఆసుపత్రి క్యాంటీను. అక్కడ లిఫ్టు ఉంది గానీ, దాన్ని పాస్ చేసింది తనే కాబట్టి మెట్లెక్కాడు.

ప్రతిసారీ కొత్త ట్రే కోసం ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయనకు ఒక సంగతి గుండెల్లో గుచ్చుకుంటోంది. బావమరిది కిందికి దిగుతున్నాడు. మొదట నడుమెత్తున ఉన్నవాడు మోకాలెత్తుకు వచ్చాడు. ఇంకోసారి వచ్చేసరికి జానెడు ఎత్తున ఉన్నాడు.

"సాగుతోంది," అన్నాడు ఒకటిన్నర సారు దిగులుగా.

"గుడ్డ సాగడం కాదండీ, వ్యానే వెనక్కొస్తోంది," అంది భార్య. "వాడి వ్యానుకు బ్రేకు అంతంత మాత్రమే. లోపల సరుకు బరువుకి ఆగింది. మీరేమో సరుకు దించేస్తున్నారు. చూడండి, చక్రాలు గేటు దగ్గరికొచ్చాయి."

"తాడు కట్టిన ఆధారాలు కదలవు."

"కళ్ళతో చూస్తున్నానండీ."

"ఆధారాలు కదలరాదని రూల్లో స్పష్టంగా ఉంది," అని ఆయన ట్రే ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆఖరి ట్రే వేసి తిరిగొచ్చేసరికి వ్యాను గేటుకు ఆనుకుని ఉంది. బావమరిది నేలకు ఆనుకుని ఉన్నాడు. పక్కింటి ట్యాంకు పొర్లి వచ్చిన నీళ్ళు ఆయన కింద నుంచి ఏరులా పారుతున్నాయి. వీధికి అడ్డంగా ఉన్న వ్యాను వెనక రెండు ఆటోలు, ఒక పాల బండి ఆగి హారన్లు మోగిస్తున్నాయి. గురక వాటి మీదుగా వినిపిస్తోంది. ఒకటిన్నర సారు బరువెక్కిన గుండెతో ఎర్ర అట్ట తిప్పి 'తప్పినది' అన్న వైపు పెట్టాడు. మిగిలిన రెండు హ్యామక్‌లలో ఒకటి విప్పబోతుండగా, గుంపును తోసుకుంటూ పెద్దాఫీసరు వచ్చాడు.

"ఎవరయ్యా ఈయన?"

"పరీక్ష బరువు సార్."

పెద్దాఫీసరు వంగి చూశాడు. ఒక ఆటోవాడిని పిలిచి, ఊయల పక్కన నిలబడి ఈల వేయమన్నాడు. గురకలో తేడా లేదు. ఆయన ముఖంలో, చాలాకాలంగా వెతుకుతున్నది దొరికినవాడి వెలుగు కనిపించింది.

"నడవడం ఎవడైనా నడుస్తాడయ్యా. కొండల్లో రాత్రి నిద్రపట్టకే సగంమంది మధ్యలో తిరిగొచ్చేస్తారు. ఈయన్ని లేపు."

అక్క వంగి, "కాఫీ," అంది, మెల్లగానే. బావమరిది కళ్ళు తెరిచి, తడిసిన వీపు తడుముకుని, "తెగిందా బావా?" అన్నాడు.

"తెగలేదు, సాగిపోయింది. ఇది పనికిరాదు సార్, ఇంకా రెండున్నాయి," అన్నాడు ఒకటిన్నర సారు.

"హ్యామక్ భేషుగ్గా ఉంది. వ్యాను వెనక్కొచ్చింది, చక్రాల గుర్తులు కనబళ్ళా?" అన్నాడు పెద్దాఫీసరు. "దేనికి కట్టావో చూసుకోని మనిషిని అడవిలో పడుకోబెట్టి, రేపు మీ ఆవిడకి నేనేం చెప్పుకోను? ఏమయ్యా డ్రైవరూ, నువ్వొస్తావా?"

"నాకు సెలవెవరిస్తారు సార్? రొట్టెలెవరేస్తారు?"

అప్పుడే భార్య చేతిలో ఫోను మళ్ళీ మోగింది. ఓనరమ్మ గొంతు వాకిట్లో అందరికీ వినబడింది. "ఇవాళ రొట్టెలు తెచ్చినాయనెవరమ్మా? మేడమీదకి తెచ్చిచ్చాడని హాస్టలువాళ్ళు ఒకటే పొగుడుతున్నారు. క్యాంటీనువాళ్ళు రేపటి నుంచి ఆయన్నే పంపమంటున్నారు. ఆయనకి తీరికుంటుందా?"

వాకిట్లో ఉన్నవాళ్ళంతా, పాల బండివాడితో సహా, పక్షం రోజుల సెలవు మంజూరైన మనిషి వైపు చూశారు.

"ఖాళీగానే ఉంటారండీ," అంది భార్య.

సెలవు ముగిసి ఆఫీసుకు వెళ్ళిన రోజున, సంగతి తెలియని గుమాస్తాలు ఆయన చుట్టూ మూగి, కొండగాలికి మనిషి భలే చిక్కి చురుగ్గా అయ్యాడని మెచ్చుకున్నారు, ఆయన కాదనలేదు.