ఎవరికీ భాగానికి రాని కుళాయి

పని విభజన లేనిదే పాలన లేదని నీటి సరఫరా కార్యాలయం ఏనాడో తీర్మానించింది. విభజన అంటే భాగహారమే కనుక, అక్కడి గుమాస్తాలకు తలా ఒక సంఖ్య కేటాయించారు. దరఖాస్తు నంబరును ఎవరి సంఖ్య శేషం లేకుండా భాగిస్తే ఆ దరఖాస్తు వారిది. (ఒకటి డైరెక్టరుగారిది. అన్నిటినీ భాగించగలరు కనుక ఆయన ఏదీ చూడరు.)

మూడో అంతస్తులోని తమ ఇంటికి కుళాయి కావాలని లెక్కల టీచరు దరఖాస్తు పెట్టుకుంది. అప్పటిదాకా కింది నుంచి నీళ్లు మోస్తున్నది ఆమె భర్త. ఆయన నడుము ఈమధ్యే ఎదురు తిరిగింది.

చీటీ మీద 99,99,991 చూడగానే టీచరు ముఖం వెలిగిపోయింది. ఏడంకెల ప్రధాన సంఖ్యల్లో ఇంతకన్నా పెద్దది లేదనీ, ఒకటీ తనూ తప్ప దీన్ని ఇంకేదీ భాగించలేదనీ వరుసలో చివరివాళ్లకు కూడా వినపడేలా చెప్పింది. (ఎవరూ అడగలేదు.)

కిటికీలోని గుమాస్తా నీరుగారిపోయాడు. "అయితే ఇది మాలో ఎవరికీ రాదు మేడమ్. ఆ చీటీ ఇచ్చేయండి, పక్క నంబరిస్తాను. సరి సంఖ్య. ఎల్లుండికి నీళ్లొచ్చేస్తాయి."

పక్క నంబరు రెండుతో పోతుంది, నాలుగుతో పోతుంది, ఎనిమిదితోనూ పోతుంది. ఎవరు చెయ్యేస్తే వారికి లొంగిపోయే సంఖ్య. ఇన్నేళ్లు పిల్లలకు ప్రధాన సంఖ్యల గొప్పతనం నూరిపోసి, తీరా తన చేతికొకటి చిక్కితే కుళాయి కోసం వదులుకోవడమా? ఆమె ఒప్పుకోలేదు.

సూపరింటెండెంటు నిబంధనలు తిరగేశాడు. ఒకటిగారు పర్యటనలో ఉన్నారు. ఇక ఆ సంఖ్యను భాగించగలిగేది ఆ సంఖ్యే. ఆ సంఖ్య టీచరుది. కాబట్టి ఆ దరఖాస్తుకు ఆమే విభాగం. కుర్చీ, గంట, ముద్ర ఇచ్చారు. కుర్చీ తిరిగేది కావడంతో ఆమె అభ్యంతరం చెప్పలేకపోయింది.

విషయం విని భర్త బకెట్టు కింద పెట్టాడు. "ఇంకేం, నువ్వే సంతకం పెట్టేసెయ్."

మర్నాడు బడి వదలగానే వెళ్లి కలం తీసింది. ఎవరి దరఖాస్తు వారే మంజూరు చేసుకోకూడదని సూపరింటెండెంటు మర్యాదగా గుర్తు చేశాడు. డైరెక్టరుగారికి పంపింది. సంబంధిత విభాగం పరిశీలించి తగు చర్య తీసుకోవాలంటూ అది ఆమె బల్ల మీదికే తిరిగొచ్చింది. మొదట మండిపడింది. తర్వాత పరిశీలించసాగింది. రోజూ సాయంత్రం వెళ్లి పరిశీలించేది.

ఒక సాయంత్రం భర్తే వచ్చాడు. నడుము మీద చెయ్యి వేసుకుని వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక అడిగాడు.

"మన కుళాయి సంగతి ఏమైంది?"

టీచరు కళ్లద్దాలు సర్దుకుంది.

"పరిశీలనలో ఉందండి. వచ్చే వారం కనుక్కోండి" అని, ఆయన వెనక ఎవరూ లేకపోయినా, తర్వాతివారి కోసం గంట కొట్టింది.