సలహాదారు గారి దవడ

సంస్థ గౌరవ సలహాదారు గారి కింది దవడలో లేచిన గడ్డను శస్త్రచికిత్స చేసి తొలగించారని, గడ్డతో పాటు కొంత ఎముక, కొన్ని పళ్ళు కూడా పోయాయని, అయినప్పటికీ వారు తోక ఆడించే స్థితిలోనే ఉన్నారని ప్రకటించడానికి పరిపాలనాధికారి సిబ్బందినంతా ఆవరణలో నిలబెట్టారు. ఆ మాట చెబుతూ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. వెనక వరుసవాళ్ళకు కనబడలేదేమోనని మళ్ళీ తుడుచుకున్నారు.

సలహాదారు గారంటే చైర్మన్ గారి కుక్క. ఇందులో నవ్వవలసిందేమీ లేదు. సలహాదారులు చాలా సంస్థల్లో ఉంటారు, ఈ సంస్థలో ఉన్నవారు నిజంగానే సలహా ఇచ్చేవారు. చాలా కాలం కిందట ఒక యంత్రాల వ్యాపారి సమావేశంలో అడుగుపెట్టగానే కుక్క గొంతు చించుకుని మొరిగింది. చైర్మన్ గారు బేరం మానుకున్నారు. ఆ వ్యాపారి పచ్చి మోసగాడని తర్వాత తేలింది. అప్పటినుంచి కుక్కకు సమావేశాల్లో కుర్చీ వచ్చింది, అది మొరిగితే ఎంతటి ప్రతిపాదనైనా వీగిపోవడం ఆనవాయితీ అయింది. "సలహాదారు గారు అభ్యంతరం తెలిపారు" అని మినిట్సులో రాసుకునేవారు. మనుషులెవరైనా అభ్యంతరం తెలిపినట్టు ఆ మినిట్సులో ఎక్కడా లేదు.

నిజానికి ఆ రోజు కుక్క మొరిగింది వ్యాపారిని చూసి కాదు, అతను దులపడానికి టప్పున తెరిచిన గొడుగును చూసి. ఈ సంగతి సంస్థ మొత్తమ్మీద ఇంజనీరు గారొక్కరే కనిపెట్టారు. భవనాల మంచిచెడ్డలు చూడడం ఆయన ఉద్యోగం. పని బాగా వచ్చు. రానిదల్లా చైర్మన్ గారి ఎదుట "కాదండీ" అనడం. ఆ ఒక్క మాటా రాకపోయినా గొడుగుంది కనుక బండి నడిచింది. ఎండలు మండే రోజుల్లో కూడా చంకన గొడుగుతోనే సమావేశాలకు వచ్చేవారు. ఎవరైనా నాసిరకం ఇనుము కొందామన్నా, పునాది లేకుండా గోడ లేపుదామన్నా బల్ల కింద గొడుగు మీట నొక్కేవారు. కుక్క మొరిగేది, గోడ ఆగేది. కుక్క పని గాడిద చేయకూడదన్నారు గాని ఇంజనీరు పని కుక్క చేయకూడదని పెద్దలెవరూ అనలేదు.

కాబట్టి గడ్డ వార్త విని అందరూ దిగులుపడ్డా, నిజంగా గుండె జారింది మాత్రం ఆయనకే. మిగతావారి దిగులు పద్ధతి ప్రకారం సాగింది. దవడ లేనివారి ముందు నమలడం అహంకారమవుతుందని క్యాంటీనులో అందరికీ జావ పోశారు. లెక్కల విభాగంవారు సంఘీభావంగా గుసగుసలతోనే మాట్లాడుకున్నారు. తల్లికి ఆపరేషనని ఒక గుమాస్తా సెలవడిగితే, "ఇలాంటి సమయంలో సొంత గొడవలేంటయ్యా?" అని పరిపాలనాధికారి మందలించారు. గుమాస్తా నిజంగానే సిగ్గుపడ్డాడు.

ఇంజనీరు గారు రోజూ సాయంత్రం పశువుల ఆసుపత్రికి వెళ్ళేవారు. మెడకు ప్లాస్టిక్ గరాటుతో, పళ్ళు పోయిన పక్కనుంచి నాలుక జారిపోతూ కుక్క ఆయన చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకునేది. ఆయనకు ప్రాణం ఉసూరుమనేది.

"గడ్డ పూర్తిగా వచ్చేసిందండీ, అంచుల్లో కూడా ఏమీ మిగల్లేదు. తింటోంది, పడుకుంటోంది. ఇంకా ఎందుకండీ బెంగ?" అన్నాడు డాక్టరు.

"మొరుగుతుందా అండీ?"

"ఇప్పుడే మొరక్కూడదు. కుట్లు తెగుతాయి."

"గట్టిగా కాదండీ. ఏదో అవసరానికి, ఒక్కసారి?"

డాక్టరు ఆయన్ను ఎగాదిగా చూశాడు. "ఇది మీకేమవుతుందండీ?"

"మా పైవారండీ," అన్నారు ఇంజనీరు గారు.

అవసరం రానే వచ్చింది. శస్త్రచికిత్స తర్వాత ఈత కొడితే దవడ బలపడుతుందని చైర్మన్ గారి అల్లుడు గారికి తోచింది. ఏ వైద్యుడూ చెప్పలేదు, ఆయనకే తోచింది. ప్యాకింగ్ షెడ్డు కప్పు మీద సలహాదారు గారికోసం ఈత కొలను కట్టాలని ప్రతిపాదన పెట్టారు. ఆ షెడ్డు మధ్య స్తంభం ఎప్పుడో నిలువునా పగిలింది. ఉన్న కప్పునే అది మొహమాటానికి మోస్తోంది. పైన అన్ని నీళ్ళు పోస్తే కింద పనిచేసే వాళ్ళమీద కప్పు కూలుతుందని ఇంజనీరు గారికి ఖాయంగా తెలుసు. ఆ పనిచేసేవాళ్ళలో ఆయన భార్యకు అక్క కూడా ఉంది.

ఆవిడే ఇంటికొచ్చి అడిగింది. "మరిది గారూ, మా స్తంభం పగులులో నా వేలు దూరిపోతోంది. దాని నెత్తిన చెరువు పెడతారట. మీరు చెప్పరా పైవాళ్ళకి?"

"చూద్దాం వదినా, సలహాదారు గారిని కాస్త కోలుకోనివ్వండి."

"కుక్క కోలుకోవడం దేనికి? మీరే చెప్పొచ్చుగా?"

"మీరు చెప్పొచ్చుగా?"

"నేనా! బాగుంది సంబడం. నాకు ఉద్యోగం అక్కర్లేదనా?"

ఇద్దరూ ఒకరి ఇబ్బంది ఒకరు అర్థం చేసుకున్నారు. చుట్టరికమంటే అదే కదా.

సమావేశంలో అల్లుడు గారు లేచి, "నోరులేని జీవి! ఆ మాట తలుచుకుంటేనే నాకు నోరు పెగలడం లేదు," అని మొదలుపెట్టి, వచ్చినవాళ్ళ నడుములు పట్టేసేదాకా మాట్లాడారు. కరుణ గురించి, కొలను లోతు గురించి, అడుగున వేయబోయే నీలం రంగు పలకల గురించి చెప్పారు. చైర్మన్ గారు కళ్ళొత్తుకుని, "ఎవరికైనా అభ్యంతరం ఉంటే నిర్మొహమాటంగా చెప్పండి," అంటూ అలవాటు కొద్దీ, ఆసుపత్రి నుంచి తెప్పించి కుర్చీలో కూర్చోబెట్టిన కుక్క వైపు చూశారు. అందరూ కుక్క వైపే చూశారు.

ఇంజనీరు గారు బల్ల కింద గొడుగు మీట మీద వేలు పెట్టారు. తెరిస్తే కుక్క కుట్లు తెగుతాయి, తెరవకపోతే వదినగారి నెత్తిన కప్పు పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మూడో దారి ఒకటుంది కదా అని పాఠకులకు తోచవచ్చు. పాఠకులు కథలు చదువుతున్నప్పుడు అలాంటివి తోస్తాయి, ఉద్యోగంలో ఉన్నప్పుడు తోచవు.

ఆయన మీట నొక్కారు.

కుక్క దిగ్గున లేచింది. గరాటు బల్లకు కొట్టుకుంది. ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని నోరు తెరిచింది. మొరుగు రాలేదు, గాలి వచ్చింది, దాని వెనకే నెత్తురు వచ్చి గరాటులో జారింది. అది ఇంజనీరు గారి వైపు చూసింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోట్లో మాట మాత్రం తిరగలేదు.

"ఏమంటోంది? నా బంగారుకొండ ఏమంటోంది?" అని చైర్మన్ గారు బావురుమన్నారు.

"ఆనందం, మామయ్యగారూ! పట్టలేకపోయింది పాపం," అన్నారు అల్లుడు గారు.

అభ్యంతరం వినబడలేదు కనుక ప్రతిపాదన ఏకగ్రీవమైంది. ఆసుపత్రికి పోయే కారులో ఇంజనీరు గారే కుక్కను ఒళ్ళో పెట్టుకున్నారు. దారిలో పరిపాలనాధికారి కొలను ప్లాను కాగితం ముందుకు చాపితే, ఒక చేత్తో కుక్క వీపు నిమురుతూ రెండో చేత్తో సంతకం చేశారు. కారు కుదుపుకు సంతకం కాస్త వంకరపోయింది గాని, చెల్లింది.

కుక్కకు మళ్ళీ కుట్లు వేశారు, అవి మానాయి కూడా. కొలను పూర్తయింది. నీళ్ళంటే దానికి పడదని అప్పుడు తెలిసింది, కనుక అది ఇంట్లోనే పడుకుంటోంది. కరుణ ఒకసారి పొంగాక ఊరుకోదు కాబట్టి చైర్మన్ గారు ఈసారి సిబ్బంది వైపు తిరిగి, ప్యాకింగ్ షెడ్డులోనే అందరికీ ఉచిత నోటి పరీక్షల శిబిరం పెట్టించారు. పైన కొలనులోకి నీళ్ళు వదులుతుండగా, కింద స్తంభం పక్కనే కుర్చీ వేసి, మనుషుల డాక్టరు ఒక్కొక్కరి నోట్లోకీ టార్చి వేసి చూశాడు. సంస్థలో ఏ ఒక్కరి నోటికీ ఏ లోపమూ లేదని తేలింది.

ఇంజనీరు గారి వంతు వచ్చింది.

"ఆ అనండి."

"ఆ..." అన్నారు ఆయన. స్తంభం మీంచి సన్నగా సున్నం రాలి భుజం మీద పడింది.

"నాలుక బాగుంది, దవడ బాగుంది, గొంతు బాగుంది. అసలు వాడినట్టే లేదండీ, కొత్తదిలా ఉంది!" అని డాక్టరు మెచ్చుకున్నాడు. "నిక్షేపంగా వాడుకోవచ్చు."

ఇంజనీరు గారు భుజం దులుపుకుని, వినయంగా తల ఊపి, వరుసలో వెనక నిలబడ్డ వదినగారికి కుర్చీ ఖాళీ చేశారు.

శిబిరం ఈ వారమంతా నడుస్తుంది. తమ నోరు పనిచేస్తుందో లేదో అని సందేహమున్నవారు, బయటివారైనా సరే, వచ్చి చూపించుకోవచ్చు. స్తంభానికి ఆనుకోవద్దని మాత్రం మనవి.