కవయిత్రిని చదివిందెవరు?

వసంత పఠనోత్సవం ఇంకో గంటలో మొదలవుతుందనగా, అద్దాల పెట్టెలోని పుస్తకాన్ని ఎవరో చదివేశారన్న భయంకర సత్యం బయటపడింది.

పెట్టె తాళంచెవి గ్రంథపాలకురాలి దగ్గరే ఉంటుంది. ఆమె ఉద్యోగాన్ని ఖాయం చేసే కాగితం మాత్రం సాహిత్య సంఘం అధ్యక్షులవారి జేబులో, ఇంకా సంతకం కాకుండా ఉంది.

ఆ పుస్తకం సామాన్యమైనది కాదు. ఒక విస్మృత కవయిత్రి ఏకైక సంపుటి. అప్పటి పద్ధతిలో కాగితాల అంచులు కలిసే ఉంటాయి. చదవదలచినవాళ్ళు కత్తితో కోసుకోవాలి. ఆవిడ పోయి, ఆవిడ మనవరాళ్ళు ముసలివాళ్ళయినా ఆ అవసరం ఎవరికీ రాలేదు. అలాగని సంఘానికి కృతజ్ఞత లేదనకూడదు. చెట్లు చిగురించగానే ఏటా ఆవిడను కొత్తగా కనుగొంటుంది. దండ వేస్తుంది. “ఇన్నాళ్ళూ ఎలా మరిచాం!” అని కంటతడి పెడుతుంది. ఎండలు ముదరగానే మరిచిపోతుంది. మరవకపోతే వచ్చే ఏడు కనుగొనడానికి ఎవరు మిగులుతారు?

అలాంటి పుస్తకంలో అంచులన్నీ కోసి ఉన్నాయి. ఒకచోట టీ మరక. అనుమానానికి తావే లేదు, ఎవరో ఆస్వాదించారు.

అధ్యక్షులవారు వేదిక వెనక గదిలో అత్యవసర సమావేశం పెట్టారు.

“చినిగితే అతికించొచ్చు, పోతే పోయిందనుకోవచ్చు. చదివేస్తే ఏం చేస్తాం తల్లీ? రేపెవరైనా ఆవిడ ఏం రాసిందని అడిగితే?”

“నేను చదవలేదండీ!”

“మొన్న కిటికీ పక్కన ఏదో చదువుతూ కనబడ్డావట?”

“అది ఫ్యాను వారంటీ కార్డండీ.”

“అలాగే మొదలవుతుంది.”

దోషి దొరక్కపోతే ఆమెను ఇంటికి పంపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మహిళల ప్రతిభకు న్యాయం చేసే సభ కనుక, ఆ సంగతి సభ ముగిశాకే ప్రకటించాలని ఇంకో తీర్మానం చేశారు.

ఆమెకు చటుక్కున గుర్తొచ్చింది. పోయినవారం పుస్తకం ఒక్కసారే పెట్టె దాటింది. పోస్టర్ ఫొటో కోసమని ప్రధాన వక్త పట్టుకెళ్ళారు. ఆయన మూలన కుర్చీలో తలవంచుకుని కూర్చున్నారు.

“బాబాయ్‌గారూ, పుస్తకం మీరే కదా తీసుకెళ్ళారు?”

గది గొల్లున నవ్వింది. “ఆయనా? ఏళ్ళ తరబడి ఆవిడమీద ఉపన్యాసాలిస్తున్నారు. చదవాల్సిన ఖర్మ ఆయనకేం పట్టిందమ్మా!”

వక్త మెల్లగా లేచారు.

“నేనేనండీ. పార్కులో ఫొటో తీయించుకున్నా. ఎండ హాయిగా ఉంది, ఫోను చచ్చిపోయింది, మా ఆవిడ పక్కన లేదు. ఒక్క అంచు కోస్తే ఏమవుతుందిలే అనుకున్నా. బెంచీమీద కూర్చున్నవాణ్ణి చీకటిపడేదాకా లేవలేదు. ఇన్నేళ్ళూ ఈ కవయిత్రిని సుకుమారి, పూలబాల అని గొంతు చించుకున్నానా? ఆవిడ పూల జోలికే పోలేదండీ. ‘నా పద్యం వినకముందే బాగుందన్నవాడి చెవులు కోసి గుమ్మానికి కట్టండి’ అని రాసింది. నవ్వాను. ఆనక చెవులు తడుముకున్నాను. ఇప్పుడు మైకు ముందు నాకు నోరు పెగలదు. ఈ అమ్మాయిని ఏమనకండి, తప్పు నాది. నా బదులు చదవనివాళ్ళెవరినైనా వేదికెక్కించండి. వెతకక్కర్లేదు, హాలు నిండా ఉన్నారు.”