ఒత్తిడి తగ్గించిన శాఖ

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టి, కురవాలా వద్దా అని పై ఉత్తర్వు కోసం కాచుకున్నట్టు నిలబడింది. అలాంటి వేళ మంత్రిగారు రేడియోలో మాట్లాడారు. "ఉద్యోగి మనసు బాగుంటేనే ప్రభుత్వం బాగుంటుంది. ఇకనుంచి ఏ ఆఫీసులోనూ ఒత్తిడి అన్న మాట వినపడకూడదు" అన్నారు. అంత పెద్ద మనసు అంతకు ముందు మంత్రుల్లో మేం చూడలేదు.

మాది నీటి సరఫరా శాఖ. నేను వాల్వులు తిప్పేవాణ్ణి. ఆ ప్రసంగం మెట్టు మెట్టు దిగి మా ఇంజినీరుగారి బల్ల మీదికి చేరేసరికి ఒక్క వాక్యమైంది: "శాఖలో ఒత్తిడిని తక్షణమే సగానికి తగ్గించి, ఫలితం చూపవలెను."

ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చునే ఆవిడను మేమంతా హలో అక్క అంటాం. ఇంట్లో మొగుడు పిలిచినా "హలో, నీటి సరఫరా" అని పలుకుతుందట. కొంతకాలంగా ఆమెకు నిద్ర లేదు. ఫోను మోగకపోయినా చెవిలో మోగుతోంది. కొన్నాళ్లు పని మానకపోతే మంచం పడతావన్నాడు డాక్టరు. ఆమె సెలవు చీటీ ఇంజినీరుగారి పేపర్‌వెయిట్ కింద విశ్రాంతి తీసుకుంటోంది. ఉత్తర్వు వినగానే అక్క మొహం విప్పారింది.

"సార్, అయితే నా సెలవు..."

"ఆగమ్మా, ముందు ఒత్తిడి తగ్గించనీ" అని ఇంజినీరుగారు నా వైపు తిరిగారు. "ఏమోయ్, మెయిన్ వాల్వు సగం కట్టెయ్."

"సార్, అది మనుషుల ఒత్తిడేమో."

"మనుషులని ఇందులో ఎక్కడుంది? పైపుల ఒత్తిడికి మీటరుంది. మనుషులకుందా? రిజల్టు ఎలా చూపించను?"

చదువుకున్నవారి మాట. వెళ్లి కట్టేశాను.

మీటరు ముల్లు మర్యాదగా సగానికి దిగింది. ఊళ్లో మేడమీది కుళాయిలు కాసేపు దగ్గి ఊరుకున్నాయి. అక్క అందుకున్న ఫోను ఇక దించలేదు.

"ఏమమ్మా, తలనిండా సబ్బు. కళ్లు తెరవలేను. నువ్వు ఏ ఆఫీసైనా సరే, నీళ్లు పంపు."

"ఉద్యోగుల మనశ్శాంతి కోసం తగ్గించామండీ." అలా చెప్పమని పైనుంచి వచ్చింది. దానికి జనం ఇచ్చిన జవాబులు అచ్చులో పట్టవు.

ఫలితం చూడటానికి మంత్రిగారే కెమెరాలతో వచ్చారు. మీటరుకు రిబ్బను కట్టాం.

"ఎంత తగ్గిందయ్యా?"

"సగమండీ. తమరే చూడండి."

మంత్రిగారు ముల్లును చూసి పరవశించిపోయారు. "ఇన్నాళ్లకు మనసును కొలిచే యంత్రం చూశాను. అన్ని శాఖల్లోనూ పెట్టించండి."

తర్వాత అక్క దగ్గరికొచ్చారు. "ఇప్పుడెలా ఉంది తల్లీ?"

ఆమె నోరు తెరిచేలోగా ఫోను మోగింది. "నువ్వు కూర్చో, నేనెత్తుతా" అని కెమెరాలవైపు నవ్వుతూ మంత్రిగారు రిసీవరు అందుకున్నారు. "హలో, నీటి సరఫరా. మీ బాధ చెప్పండి."

అవతలి గొంతు గదంతా వినపడింది. మంత్రిగారి నవ్వు ఉన్నచోటే ఉంది, మొహం మాత్రం దాన్ని వదిలిపోయింది.

"నువ్వా... మేడమీద చుక్క రావట్లేదా... మీ అమ్మగారు స్నానం మధ్యలోనా... సరేనే. సరే."

రిసీవరు దించి, "పెంచండి" అన్నారు.

"ఏమిటండీ?"

"ఒత్తిడి. ఈ క్షణమే. మళ్లీ ఈ శాఖలో తగ్గించినవాడి ఉద్యోగం ఊడుతుంది."

ఇంత చురుగ్గా నిర్ణయం తీసుకునే నాయకుడు దొరకడం మా అదృష్టం. నేను వాల్వు దగ్గరికి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి భోజనాల వేళ. మంత్రిగారు వెళ్లిపోయారు. అక్క ఇంజినీరుగారి ఎదుట నిలబడి ఉంది.

"ఇప్పుడు నీకు సెలవిస్తే ఒత్తిడి తగ్గించినట్టే కదమ్మా. విన్నావుగా ఆయనేమన్నారో." ఆయన పేపర్‌వెయిట్‌ను చీటీకి సరిగ్గా మధ్యకు జరిపారు.

అక్క వెనక్కి తిరిగింది. మా బల్ల దగ్గరికొచ్చి డబ్బా తెరిచింది. కాసేపటికి ఇంజినీరుగారు కూడా, ఎన్నడూ లేనిది, తన డబ్బా పట్టుకొచ్చి మా మధ్య కూర్చున్నారు.

"ఆ చీటీలో ఏమని రాశావమ్మా?"

"నిద్ర పట్టట్లేదని రాశాను సార్."

ఆయన తలూపారు. పక్కగదిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. అక్క లేవబోయి, కూర్చుంది. అందరం తలలు దించుకుని తిన్నాం.